వంటచెరకు వెల: తెలుగు ఇళ్లలో కట్టెల చరిత్ర

తెలుగు ప్రాంతాల్లో గ్యాస్ బండ వంటింటికి చేరకముందు, తిండిగింజల తర్వాత గృహస్థులు అంత ముందుచూపుతో కూడబెట్టుకున్న వస్తువు వంటచెరకే. అంటే పొయ్యిలోకి పనికొచ్చే కట్టె, కంప, మట్ట, పిడక వంటి ఇంధనమంతా ఈ మాట కిందికే వస్తుంది. గాదెలో ధాన్యం నిండుగా ఉన్నా ఎండు పుల్ల లేని పూట ఇంటిల్లిపాదీ పస్తుండవలసిందే అయినప్పటికీ, భూమిశిస్తుకూ నీటిపారుదలకూ దక్కినంత చోటు చరిత్ర గ్రంథాల్లో పొయ్యికి దక్కలేదు. పల్లెలో కట్టెకు వెల ఏముంది, ఏరుకొచ్చుకుంటే సరిపోతుంది కదా అనే అభిప్రాయం ఈ నిర్లక్ష్యానికి ఒక కారణం. ఆ అభిప్రాయం సరైనది కాదు. వంటచెరకుకు ఏ కాలంలోనూ వెల చెల్లించక తప్పలేదు. ఆ వెల డబ్బు రూపంలో కనబడని చోట ఆడవాళ్ల నడకగా, మోతగా, పొగకు మండిన కళ్లుగా చెల్లింది. అది ఏ కాలంలో ఏ రూపం తీసుకుందో, ఎవరి నుంచి ఎవరి మీదికి మారిందో చూస్తేనే తెలుగు ఇంటి ఆర్థిక చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

ఏ ఊళ్లో ఏది మండేదో ఆ ఊరి నేలా పంటా నిర్ణయించాయి. కృష్ణా గోదావరి డెల్టాల్లో అడవి తక్కువ. అక్కడ తాటి మట్టలు, కొబ్బరి మట్టలు, డొక్కలు, పిడకలు, మిల్లుల నుంచి వచ్చే ఊక ముఖ్యమైన ఇంధనాలు కాగా, గోదావరికి వరద వచ్చినప్పుడు పైనుంచి కొట్టుకువచ్చే దుంగలను ఒడ్డుకు లాగి ఎండబెట్టుకోవడం నదీతీర గ్రామాల్లో ఏటా జరిగే పని. తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో పంట కోసిన తర్వాత మిగిలే కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె, ఆముదపు కట్టె పొయ్యికి ఆధారమయ్యాయి. చేల గట్ల మీదా చెరువు గర్భాల్లోనూ పెరిగిన తుమ్మ వాటికి తోడయింది. ఏజెన్సీ గ్రామాల్లో మాత్రం అడవిలో రాలిన, ఎండిన కొమ్మలే సరిపోయేవి. రావి, మర్రి, మేడి, జువ్వి, మోదుగ వంటివి హోమంలో వేసే సమిధలుగా పూజనీయమైనవి కనుక చాలా ఇళ్లలో వాటిని మామూలు పొయ్యికి వాడలేదు. మునగ వంటి మెత్తటి కట్టె నిప్పుకు నిలవదని పక్కన పెట్టారు.

కట్టె వాడుకలో గృహిణికి ఉన్న వివేకానికి సాహిత్య సాక్ష్యం కూడా ఉంది. పదహారో శతాబ్దపు ఆరంభంలో శ్రీకృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుభక్తుడైన విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని వర్ణించే ఘట్టంలో, విడవకుండా జడివాన కురిసే రోజుల్లో ఆయన ఇల్లాలు కంట్లోకి పొగ రాకుండా కొబ్బరి చిప్పలను పొయ్యిలో పెట్టి వండినట్లు కవి చెప్పాడు. అదే కావ్యంలోని వర్షాకాల వర్ణనలో, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగవలసిరావడం, దొరికిన నిప్పు తడి కట్టెకు ఎంతకూ అంటుకోకపోవడం వంటి ఇక్కట్లు కూడా వస్తాయి. అతిథి ఏ నెలలో వచ్చినా వేడివేడి అన్నం పెట్టగలగడం వెనుక, వానకాలానికి పొగ రాని ఇంధనాన్ని విడిగా దాచిపెట్టిన ఇల్లాలి ముందుచూపు ఉందని ఒక చక్రవర్తి గుర్తించడం గమనింపదగిన విషయం.

ఈ ముందుచూపు ఏడాది పొడవునా ఒక క్రమంలో నడిచేది. పంటకోతలు ముగిసి పొలం పని తెరిపి ఇచ్చే మాఘ ఫాల్గుణాల నుంచి కట్టె చేర్చడం మొదలుపెట్టి, జూన్ మొదటి వారం దాటగానే వచ్చే మృగశిర కార్తెలోపు దానిని నీడకు చేర్చాలన్నది రైతు ఇంటి నియమం. దీనికి కారణం స్పష్టం. అప్పుడే నరికిన చెట్టు బరువులో సుమారు సగం నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరైతే తప్ప కట్టె వేడిని ఇవ్వదు కనుక, పచ్చి కట్టె పెట్టిన పొయ్యిలో మంటలో కొంత కట్టెను ఆరబెట్టడానికే ఖర్చయి, పొగ ఎక్కువవుతుంది. రెండు మూడు నెలల ఎండ ఉచితంగా చేసిపెట్టే ఈ పనిని పొయ్యి చేత చేయిస్తే కట్టె ఎక్కువ కాలుతుంది, వంట ఆలస్యమవుతుంది, కళ్లు మండుతాయి.

నిలవ చేసే పద్ధతిలోనూ ఇంతే శ్రద్ధ కనబడుతుంది. నేలమీద నేరుగా పేరిస్తే చెద పట్టి వానకాలం ముగిసేలోపు కట్టె పొడి అవుతుంది కనుక, ముందు రాళ్లు పరిచి, వాటిమీద రెండు అడ్డదుంగలు వేసి, గాలి ఆడే సందులు వదిలి దొంతిగా పేర్చేవారు. దొంతి అంటే ఒకదానిమీద ఒకటి పద్ధతిగా పెట్టిన వరుస. పెద్ద కట్టెలకు పశువుల సావిడి పక్కనో, వెనుక వసారాలోనో చోటు ఉండేది; చితుకులు, కొబ్బరి డొక్కలు, ఆ వారానికి కావలసిన సన్నపుల్లలు పొయ్యికి పైనున్న అటక మీదికి చేరేవి. అటక పైకప్పు కింద కట్టిన అరుగు వంటిది కనుక, కింద వండే పొయ్యి వేడికే పైన కట్టె ఇంకా ఎండేది. పిడకలను గోడలకు చరిచి ఎండబెట్టి, గుండ్రంగా పేర్చి, పైన తాటాకు కప్పేవారు. దొంతిలో తేళ్లూ పాములూ చేరతాయి కనుక చీకట్లో కట్టె తియ్యకూడదనీ, మర్నాటికి కావలసినది పొద్దుండగానే తీసి వంటింట్లో పెట్టుకోవాలనీ పిల్లలకు నేర్పేవారు.

దుంగను పొయ్యిలోకి పట్టేలా చీల్చడం బలం కంటే ఎక్కువగా చూపు కోరే పని. దుంగను ముందుగా రంపంతో మూరెడు, మూరన్నర ముక్కలుగా కోసి, నేలలో సగం పాతిన మొద్దు మీద నిలబెట్టి, కోసిన తలంలో ఎండకు సహజంగా పడిన పగులు ఎటు పోతున్నదో చూసుకుని ఆ దారినే గొడ్డలి వేస్తారు. తొలి దెబ్బ నడిమధ్యన పడితే గొడ్డలి ఇరుక్కుంటుంది కనుక, లావు దుంగను అంచుల నుంచి చెక్కలు చెక్కలుగా ఊడదీస్తూ లోపలికి వెళ్లడం అనుభవజ్ఞుల పద్ధతి. కొమ్మ మొలిచిన చోట నారలు మెలితిరిగి ముడి పడుతుంది. అక్కడ గొడ్డలి దిగదు కనుక పగుల్లో ఇనుప చీలను నిలిపి సమ్మెటతో కొట్టవలసి వస్తుంది. సరుగుడు నిట్టనిలువుగా చీలుతుంది, తుమ్మ ఎండకముందు సులువుగా లొంగి ఎండినకొద్దీ మొండికేస్తుంది, చింత మొద్దు సంగతి చెప్పనక్కరలేదు. ఇలా చీల్చిన ముక్కలను పేళ్లు అంటారు. సన్నపేడు త్వరగా అంటుకుని పెద్ద మంట ఇస్తుంది, లావుపేడు నిదానంగా కాలి నిప్పును నిలుపుతుంది. అన్నం ఉడుకు పట్టడానికి మొదటిది, పప్పు మెత్తబడటానికి రెండోది కావాలి కనుక రెండింటినీ వేరువేరుగా పేర్చేవారు. కలిగిన ఇళ్లలో ఈ పనికి కూలివాళ్లను పెట్టుకున్నారు. తక్కిన ఇళ్లలో దుంగలు కొట్టడం మగవాళ్ల వంతు, చితుకులు ఏరడం, మోపు మోయడం, పిడకలు చెయ్యడం ఆడవాళ్ల వంతు అయింది.

ఇంత కష్టపడి చేర్చిన కట్టె నుంచి వీలైనంత వేడిని రాబట్టుకోవడానికి పొయ్యిలోనే అనేక ఏర్పాట్లు రూపొందాయి. పెద్ద పొయ్యికి పక్కనే చిన్న నోరుతో కోడిపొయ్యిని కలిపి, అసలు మంటలో మిగిలిన సెగతో చారో కూరో కాగేలా చేశారు. పెరట్లో నీళ్లు కాచుకునే పొంతపొయ్యిలో వంటకు పనికిరాని మొద్దులూ చెత్తా వాడారు. పిడకలు రగిల్చి మూతపెట్టిన గుంటను దాలి అంటారు. దాని మీద పాలకుండ గంటల తరబడి సన్నసెగన కాగి, మీగడ మందంగా కట్టేది. వంట కాగానే కాలుతున్న పేళ్లను బయటికి లాగి నీళ్లు చల్లి ఆర్పి, ఆ బొగ్గులను కుంపటికి దాచుకున్నారు. పెళ్లిళ్లకూ సంతర్పణలకూ నేలలో పొడవుగా తవ్విన గాడిపొయ్యి మీద వరుసగా గుండిగలు ఎక్కించి ఒకే మంటతో వండారు. చివరికి మిగిలిన బూడిద అంట్లు తోమడానికీ, విత్తనాలకు పురుగు పట్టకుండా కలపడానికీ, కూరపాదులకూ వెళ్లింది. ఇన్ని చేసినా మామూలు మట్టిపొయ్యి స్వభావం వల్ల కట్టెలోని వేడిలో సుమారు పదోవంతు మాత్రమే గిన్నెకు చేరుతుంది. తక్కినది గాలిపాలు, పొగపాలు.

పందొమ్మిదో శతాబ్దం నడిమి వరకూ కట్టె ఏరుకునే అడవి, బంజరు, చెరువుగట్టు గ్రామ సమష్టి వాడుకలోనే ఉన్నాయి. 1856లో మద్రాసు నుంచి ఆర్కాటు వైపు తొలి రైలుమార్గం మొదలైన తర్వాత పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లకూ, ఇంజన్లలో ఆవిరి పుట్టించడానికీ కట్టె కావలసివచ్చింది. అదే 1856లో మద్రాసు ప్రభుత్వం హ్యూ క్లెగ్‌హార్న్‌ను అటవీ సంరక్షకుడిగా నియమించింది. వరుసగా వచ్చిన నిబంధనల అనంతరం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులను, అంటే ప్రభుత్వం హద్దులు గీసి వాడుకను నియంత్రించే అడవులను, ఏర్పరచింది. అంతవరకూ తాతల నాటి హక్కుగా తెచ్చుకున్న మోపు అప్పటి నుంచి అనుమతి మీదా రుసుము మీదా ఆధారపడింది. అనుమతి లేని మోపు నేరం అయింది. పశువుల మేతకు విధించిన పుల్లరి పన్నుకు వ్యతిరేకంగా 1921-22లో పల్నాడు రైతులు కన్నెగంటి హనుమంతు నాయకత్వంలో సాగించిన ఉద్యమానికీ, అదే కాలంలో అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటుకూ అనేక కారణాలున్నా, ఊరి చేతిలోని అడవి సర్కారు చేతిలోకి పోయిందన్న బాధ రెండింటికీ సామాన్యం.

అడవికి హద్దులు గీసిన ప్రభుత్వమే మరోవైపు ఇంధనపు చెట్లను కొత్తగా నాటించింది. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాలకు చెందిన సరుగుడు మద్రాసు తీరపు ఇసుకనేలల్లో బాగా పెరుగుతుందని గ్రహించి పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో తోటలు వేయగా, కొన్నేళ్లలోనే కోతకు వచ్చి, పచ్చిగా ఉన్నా చక్కగా మండే ఈ చెట్టును రైతులు సొంత పొలాల్లోనూ పెంచారు. నెల్లూరు నుంచి శ్రీకాకుళం వరకూ తీరప్రాంతానికి అది ఒక పంటగా మారింది. అమెరికా ఖండపు చెట్టయిన సర్కారు తుమ్మ మద్రాసు అటవీశాఖ ప్రయత్నంతో 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం పరిసరాల్లో వేళ్లూనింది. కరువుకు నిలబడి, నరికినకొద్దీ చిగురించే ఈ చెట్టు రాయలసీమ, పల్నాడు, తెలంగాణ బీళ్లలో పేదల పొయ్యికి అండ అయింది. చెరువులనూ పంటపొలాలనూ ఆక్రమించి రైతుకు తలనొప్పి తెచ్చింది కూడా ఇదే. కమలాపురం నాటి నిర్ణయపు లాభనష్టాలు రెండూ నేటికీ పల్లెల్లో పక్కపక్కనే ఉన్నాయి.

నగరపు పొయ్యి ఎంత దూరపు అడవిని తినగలదో శ్రీహరికోట చరిత్ర చెబుతుంది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఈ ద్వీపం 1835లో ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడి అడవిలో తేనె, వేళ్లు, మూలికలు సేకరించి బతికే యానాదులు ప్రభుత్వానికి అటవీ ఉత్పత్తులు అందించే కూలీలయ్యారు. మద్రాసుకు ఉత్తరాన 1806లో తవ్విన కాలువ దశలవారీగా సాగి, 1876-78 నాటి మహా కరువులో సహాయ పనిగా విస్తరించి, బకింగ్‌హాం కాలువ అన్న పేరు పొందింది. ఆ నీటిదారి వెంట శ్రీహరికోట కట్టె పడవల మీద మద్రాసు వంటిళ్లకు చేరింది. నరికిన కూలికి దక్కినదీ, నగరంలో గృహస్థు చెల్లించినదీ ఒకటి కాదు. ఆ రెండింటి నడుమ అటవీశాఖ రుసుము, పడవ బాడుగ, వ్యాపారి లాభం చేరి కట్టెకు ధర ఏర్పడింది. 1971లో రాకెట్ కేంద్రంగా మారడానికి ముందు ఆ ద్వీపానికి ప్రధానమైన గుర్తింపు వంటచెరకే.

పట్టణాల్లో కట్టె అమ్మే దుకాణాన్ని కట్టెల అడితి అన్నారు. అక్కడ తూకం మణుగుల్లో, బారువుల్లో జరిగేది. ఎనిమిది వీశలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువు. మెట్రిక్ తూనికలు అమలులోకి వచ్చిన తర్వాత, అంటే 1950ల చివరి నుంచి, క్రమంగా కిలోలూ క్వింటాళ్లూ ఆ స్థానంలోకి వచ్చాయి. తూకంలో మోసం లేకపోయినా కట్టెలో ఉండవచ్చు: తడిసిన కట్టెను తూచి అమ్మితే కొన్నవాడు నీటికి డబ్బు చెల్లించినట్లే. ఎండాకాలంలో చవకగా ఉన్నప్పుడే బండెడు కట్టె ఒక్కసారిగా కొని నిలవ చేసుకోగల కుటుంబానికి ధర తక్కువ పడింది. కూలిడబ్బులతో ఏ రోజుకారోజు మోపు కొనుక్కునే కుటుంబం వానకాలపు తడికట్టెను అధిక ధరకు కొన్నది. చోటూ పెట్టుబడీ లేనివారికే ఇంధనం ఎక్కువ ఖరీదు కావడం ఈ చరిత్రలో పదేపదే కనబడే అన్యాయం. నెత్తిన మోపు పెట్టుకుని మైళ్లకొద్దీ నడిచి పట్టణానికి వచ్చిన స్త్రీలకు సాయంత్రం దాకా ఆగే వీలు లేదు కనుక, అడిగిన ధరకు కాక కొనేవారు ఇచ్చిన ధరకే అమ్మవలసి వచ్చింది.

ఇంటి పొయ్యితో పోటీపడిన పరిశ్రమలూ ఉన్నాయి. సున్నపు బట్టీలు, కుమ్మరి ఆవాలు, ఇటుక బట్టీలు పాతవే. ఇరవయ్యో శతాబ్దపు రెండో పాదం నుంచి గుంటూరు, ప్రకాశం, గోదావరి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు విస్తరించాక, ఆకును వేడిగాలితో పదును చేసే గదులైన పొగాకు బ్యారన్లు పెద్దమొత్తంలో కట్టెను మింగసాగాయి. ఇటీవలి దశాబ్దాల్లో సరుగుడు, సుబాబుల్ తోటల కలప కాగితపు మిల్లులకు తరలుతున్నది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో సింగరేణి గనుల తవ్వకం మొదలయ్యాక రైళ్లకూ మిల్లులకూ బొగ్గు దొరికింది గాని, ఆ రాక్షసి బొగ్గు పొగకూ వాసనకూ పల్లె వంటింట్లో ఇమడలేదు. పెద్ద పరిశ్రమ కొత్త ఇంధనానికి మారిన తర్వాత కూడా ఇంటి పొయ్యి పాత ఇంధనంతోనే మిగిలింది.

కిరసనాయిలు మొదట దీపాలకే వచ్చింది. వత్తుల స్టవ్వులు, పంపు స్టవ్వులు పట్టణ మధ్యతరగతిలో వ్యాపించాకే అది వంట ఇంధనం అయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కరువొచ్చి బస్సులు సైతం వెనుక బిగించిన కొలిమిలో బొగ్గులు కాల్చి పుట్టించిన వాయువుతో నడిచాయి. యుద్ధానంతరం కిరసనాయిలు రేషన్ కార్డు మీద ఇచ్చే సరుకుగా స్థిరపడింది. కలప కోత మిల్లుల్లో దొరికే రంపపు పొట్టును డబ్బాలో దట్టించి నడుమ రంధ్రం వదిలి మండించే పొట్టుపొయ్యి చిన్న జీతగాళ్ల ఇళ్లకు చవకైన ఉపాయం అయింది.

ఆడవాళ్ల ఊపిరి కూడా ఇంధనపు ఖర్చులో భాగమేనని గుర్తించి పరిశోధన చేసినవారిలో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి.రాజు ముఖ్యుడు. పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిని రూపొందించి, కోట్లాది సామాన్యుల వంటిళ్లను పొగ నుంచి విముక్తం చేయాలన్న ఆశయంతో ఆయన 1953లో ఒక పుస్తకాన్ని ప్రచురించాడు. పేదింటి వంటగదిని శాస్త్రపరిశోధనకు తగిన స్థలంగా భావించిన ఆ కృషికి తెలుగునాట రావలసినంత గుర్తింపు రాలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1980లలో, కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమాన్నీ, పశువుల పేడతో గోబర్ గ్యాస్ పథకాన్నీ దేశమంతటా చేపట్టింది. పగిలిన గొట్టాన్ని బాగుచేసేవారు లేక కొన్ని పొయ్యిలు, చాలినన్ని పశువులు లేక కొన్ని గ్యాస్ తొట్లు మూలనపడినా, పొగ విధిరాత కాదనే ఎరుక వాటివల్ల పల్లెకు చేరింది.

వంటగ్యాసు దేశంలో 1950లలోనే మొదలైనా చాలాకాలం పట్టణాల్లోని స్థితిమంతులకే పరిమితమై, కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసిన వస్తువుగా ఉండిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల మహిళల పేరిట గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడంతో పల్లెల్లో ఈ గోడ పగిలింది; 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకంతో ఇదే దారిని దేశమంతటికీ విస్తరించింది. అయినా కనెక్షన్ ఉండటం, బండ నింపించుకోగలగడం ఒకటి కావు. 2011 జనగణన నాటికి దేశంలో 49 శాతం కుటుంబాలు ప్రధానంగా కట్టెల మీదా, 28.5 శాతం వంటగ్యాసు మీదా వండుకుంటున్నాయి. ఆ తర్వాత గ్యాసు ఎంత విస్తరించినా, 14.2 కిలోల బండకు ఒక్కసారిగా డబ్బు కట్టవలసి రావడం కూలికుటుంబానికి నేటికీ భారమే. అందుకే చాలా ఇళ్లలో టీకీ, తొందర వంటకూ గ్యాసు, నీళ్లకూ అన్నానికీ కట్టెలపొయ్యి వాడుతున్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకే బండ ఇవ్వడం, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏడాదికి మూడు బండలు ఉచితమని ప్రకటించి అమలుకు దిగడం ఈ ఇబ్బందికి దొరికిన గుర్తింపులే.

ఇంధనం కొనలేని ఇల్లు ఇంధనం మానుకోదు; డబ్బుకు బదులు ఇంకొకరి ఒంటికష్టంతో దానిని తెచ్చుకుంటుంది. చరిత్రలో ఆ ఒంటికష్టం దాదాపు ఎల్లప్పుడూ స్త్రీలదే అయింది. మోపు మోసిన మెడకూ, పొగ పీల్చిన ఊపిరితిత్తులకూ, బడి మాని చితుకులు ఏరిన ఆడపిల్ల చదువుకూ ఏ ధరల పట్టికలోనూ లెక్క కట్టలేదు కనుకనే కట్టె చవక అన్న భ్రమ ఇంతకాలం నిలిచింది. వంటగ్యాసు రాయితీని దయగానో, వృథా ఖర్చుగానో చూసే చర్చలు నేడు తరచుగా వినబడుతున్నాయి. ఆ చర్చల్లో పాల్గొనేవారు బండ ధర ఒక్కటే కాక, దాన్ని నింపించుకోలేని ఇంట్లో ఆ మోపు ఎవరి తలమీదికి చేరుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ లెక్క చేరనంతవరకూ ఇంధనపు ధర గురించి ఏ వాదమూ సంపూర్ణం కాదు.